వేసవిలో చూసి ఇల్లు కొనకండి

పాత ఇల్లు కొనేముందు గోడల్లో చెమ్మ ఉందేమో చూసుకోమని ఒక వ్యాసంలో రాశారు, బాగుంది. కానీ ఎప్పుడు చూడాలో రాయలేదు. మన గోదావరి డెల్టాలో అసలు సంగతి అదే. కాలువలు కట్టేసిన మే నెలలో అమలాపురంలోనైనా పాలకొల్లులోనైనా ప్రతి గోడా పొడిగానే కనిపిస్తుంది. కాలువలు వదిలి, నాట్లు పడ్డాక ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లండి. మంచం వెనక, బీరువా వెనక నేల నుంచి మూడడుగుల దాకా చెయ్యి పెట్టి చూడండి. తెల్లటి ఉప్పు పొడి చేతికి అంటితే పునాది బెల్టు (గోడ కింద పునాదిపై వేసే కాంక్రీటు పట్టీ) మీద చెమ్మ ఆపే పొర లేదనో, పాడైందనో అనుమానించాలి.

దానిమీద పుట్టీ, రంగు వేస్తే మళ్లీ పొంగి రాలిపోతుంది. టైల్స్ అంటిస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. ప్లాస్టరింగ్‌ను చెమ్మ గీతకు అడుగు పైదాకా ఇటుక కనిపించేలా చెక్కేసి, ఉప్పును పొడి బ్రష్‌తోనే దులిపి, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ ద్రావణం (మామూలుగా సిమెంటు బస్తాకు 200 మి.లీ., డబ్బా మీద కొలత చూసుకోండి) కలిపి మళ్లీ పూయించాలి. ఇసుక ఉప్పుది కాకూడదు.

సెప్టిక్ ట్యాంకు మాత్రం ఎండాకాలంలోనే తోడించండి. వానల్లో ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న ఊటనీటి ఒత్తిడికి ట్యాంకు పగలొచ్చు.