ఎర్రగా ఉంటే లోపల ఎవరూ లేనట్టు

స్లీపర్ బోగీకి నాలుగు బాత్రూంలుంటే నాలుగూ అందరివే, సికింద్రాబాద్‌లో ఎక్కి వైజాగ్‌లో దిగేదాకా ఇది ఆడవాళ్లదా మగవాళ్లదా అని అడిగినోడు లేడు, గడియ పడుతుందా లేదా అన్నదొక్కటే గొడవ. ఇంట్లో కూడా అంతే కదా. అదే పద్ధతి అమీర్‌పేట సందులో మూడో అంతస్తులో ఉన్న మా ఆఫీసులో పెడదామంటే మాత్రం అసెంబ్లీ సమావేశాలు పెట్టినంత పనయింది.

మా హెడ్డాఫీసు కాలిఫోర్నియాలో. అక్కడ 2017 మార్చి 1 నుంచి ఒక రూలుంది, ఒక్కరే వెళ్లి గడియ పెట్టుకునే టాయిలెట్ షాపులో ఉన్నా ఆఫీసులో ఉన్నా దానికి ఆడా మగా బోర్డు పెట్టకూడదు, అందరికీ అని పెట్టాలి. న్యూయార్క్ సిటీలో కూడా అదే ఏడాది నుంచి ఇలాంటిదే ఉంది. మనకి ఆ రూలు వర్తించదు, అయినా అక్కడివాళ్లకి చెక్‌లిస్ట్ అంటే ప్రాణం, మాకూ పంపించారు, ఇన్‌స్పెక్షన్‌కి మనిషొస్తాడని కూడా రాశారు. మాకున్నవి రెండు గదులు, ఒక్కోదాంట్లో ఒక్కో సీటు. బోర్డులు మార్చేస్తే అయిపోయె అనుకున్నారు హెచ్చార్ స్వప్న మేడం. పాపం.

బోర్డు పని యాదగిరన్నకి పడింది. ఆయన ఫ్లెక్స్ కొట్టాయన దగ్గరకి పోయి "ఆడోళ్లు మగోళ్లు అందరూ పోవచ్చు అన్నట్టు బొమ్మ పెట్టు తమ్మీ" అన్నాడంట, ఆ అబ్బాయి ఫ్రీగా దొరికిన బొమ్మలు రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి, ఖాళీగా ఉందని మధ్యలో ఒక గుండె కూడా పెట్టిచ్చాడు. పై అంతస్తు కోచింగ్ సెంటర్ పిల్లలు మెట్లెక్కుతూ ఆగి "అన్నా ఇది కపుల్స్‌కా?" అని అడగడం మొదలైంది. గుండె మీద తెల్ల స్టిక్కర్ వేశాం. స్టిక్కర్ కింద నుంచి గుండె ఇంకా లేతగా కనబడుతూనే ఉంటది.

అసలు గొడవ బొమ్మ కాదు. లేడీస్ గదిలో అద్దం ఉంది, దాని అంచు నిండా అంటించిన బొట్టుబిళ్లలున్నాయి, మూతున్న డస్ట్‌బిన్ ఉంది, నేల పొడిగా ఉంటది. జెంట్స్ గదిలో జెట్ స్ప్రే ఉంది, అది ఎప్పుడూ కిందే పడుంటది, నేల మీద ఎప్పుడూ నీళ్లే. గడియ ఉంది గానీ చౌకట్లో గడియ దూరాల్సిన కన్నం ఏనాడో పెయింటు వేసినప్పుడు పూడిపోయింది. మేం మగాళ్లం ఎన్నేళ్లయినా దాన్ని తవ్వించలేదు, ఒకరు తలుపుకి కాలు అడ్డం పెడతారు, ఒకరు ఫోన్లో రీల్స్ సౌండ్ పెంచుతారు, అకౌంట్స్ సుబ్బారావు గారైతే లోపల ఉన్నంతసేపూ దగ్గుతారు. బయట నుంచి "ఎవడ్రా లోపల" అంటే లోపల నుంచి దగ్గు వస్తుంది, అదే మా సిస్టం.

"మీరు వాడింతర్వాత మేం వాడాలా సార్, ముందు మీవాళ్లకి గురి నేర్పండి" అన్నారు డిజైన్ టీం కవిత గారు మీటింగ్‌లో అందరి ముందే. ఒక్క మగాడు మాట్లాడలేదు.

సుబ్బారావు గారికి ఇలాంటప్పుడు రూల్స్ గుర్తొస్తాయి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఆఫీసుల్లో పాతికమంది మగవాళ్లకో సీటు, పదిహేనుమంది ఆడవాళ్లకో సీటు ఉండాలి, మగవాళ్లకి యూరినల్స్ వేరే, రెండూ కలిపేస్తే లెక్క ఎట్లా వేస్తారు అన్నారు. మా ఆఫీసులో ఉన్న జనానికి విడివిడిగా లెక్కేసినా రెండు సీట్లు చాలవు, ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఇంగ్లండ్‌లో అయితే రివర్సు గేరు, 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా కట్టే ఆఫీసులు హోటళ్లలో ఆడా మగా వేరువేరుగా ఉండాల్సిందే, అందరికీ పనికొచ్చేది పెడితే అదనంగా పెట్టాలి, లేదా చోటు లేదని చూపించాలి, అదికూడా పూర్తిగా మూసిన గదై వాష్‌బేసిన్ లోపలే ఉండాలి అని రాసుకున్నారు. అంటే అటు తిప్పినా ఇటు తిప్పినా చివరికి గోడా, గడియా, నీళ్ల దగ్గరికే వస్తున్నారు కదా అనిపించింది నాకు.

మన దగ్గర మాత్రం రూలు లేదా అంటే ఉంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా, అంటే జాతీయ న్యాయసేవల సంస్థ, వేసిన కేసులో ట్రాన్స్‌జెండర్లకి పబ్లిక్ టాయిలెట్లు ఏర్పాటు చెయ్యమంది, 2020లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల రూల్స్‌లో సంస్థల్లో వాళ్లకి వాష్‌రూంలు రెండేళ్లలో రావాలని రాశారు. మా టెస్టింగ్ టీంలో సంధ్య ట్రాన్స్‌వుమన్, చేరినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా కూర్చుని లంచ్‌లో ఎక్కడో మాల్‌కి పోయొచ్చేది. అంటే కోఠీకి షాపింగ్‌కి పోయే మా అమ్మ చేసే పనే, ఈమెకి రోజూ. మీటింగ్ అంతా విని బయటికొచ్చి "యాదగిరన్నా, బొమ్మ ఏదన్నా పెట్టుకో, గడియ మాత్రం మంచిది పెట్టియ్యే" అంది.

యాదగిరన్న మనసుకి తగిలినట్టుంది, రాణిగంజ్ పోయి విమానంలో ఉండేలాంటి లాకులు రెండు తెచ్చాడు, లోపల తిప్పితే బయట చిన్న కిటికీలో ఎర్రది, తీస్తే పచ్చది. కార్పెంటర్ వచ్చి గంటలో బిగించి డబ్బులు తీసుకుని పోయాడు. ఒకదాంట్లో డిస్కు తిరగేసి బిగించాడు.

తెల్లారి ఉదయం టీ అయ్యాక చూస్తే ఆ గది ఎర్రగా ఉంది, బయట ఐదుగురు నిలబడ్డారు. ఇదివరకైతే ఎవడ్రా అని తలుపు బాదేవాళ్లం, ఇప్పుడు లోపల కవిత గారుండొచ్చు, ఎండీ గారుండొచ్చు, ఎవరికి తెలుసు, అందుకని ఎవరూ తట్టలేదు. అందరూ గోడ మీద క్యాలెండర్ చదువుతున్నారు. "పాపం కడుపు బాలేదేమో" అని ఎవరో జాలిపడ్డారు కూడా. పావుగంటయింది. లక్ష్మమ్మ బకెట్, చీపురు పట్టుకుని వచ్చి "జరగుండ్రి సారూ" అని తలుపు నెట్టింది, తెరుచుకుంది, లోపల ఎవరూ లేరు. ఖాళీ గదికి అంత మర్యాద చేసిన ఆఫీసు హైదరాబాద్‌లో ఇంకోటి ఉండదు.

మధ్యాహ్నం ఇంకో ముచ్చట. పచ్చగా ఉంది, యాదగిరన్న నెట్టాడు, రాలేదు. జామ్ అయిందనుకుని స్క్రూడ్రైవర్ తెచ్చి రెండు స్క్రూలు ఊడదీశాడు. మూడోదానికి లోపల నుంచి దగ్గు వినిపించింది.

కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే "రేపొస్త సార్" అన్నాడు, ఇప్పటికీ రేపే నడుస్తోంది. స్వప్న మేడం ఏ ఫోర్ కాగితం అంటించారు, ఎరుపు ఉంటే వెళ్లవచ్చు, పచ్చ ఉంటే ఆగవలెను, పక్క గదికి ఇది వర్తించదు అని. అందరికీ అలవాటైపోయింది. సంధ్య అయితే నీళ్ల బాటిల్ పెద్దది కొనుక్కుంది. మగాళ్ల చేత వైపర్ కూడా పట్టించారు, అది వేరే కథ.

ఇన్‌స్పెక్షన్‌కి ఆ కాలిఫోర్నియా ఆయన రానే వచ్చాడు. బిర్యానీ పెట్టించాం, రెండు బాటిళ్ల నీళ్లు తాగాడు, బొమ్మ చూసి భలే ఉందన్నాడు, ఫోటో తీసుకున్నాడు. తర్వాత ఆ గది ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పక్కది నిజంగానే ఎర్రగా ఉంది, ఇది కూడా ఎర్రగానే ఉంది, కాగితమేమో తెలుగులో ఉంది. అటుగా పోతున్న సుబ్బారావు గారు "రెడ్ గో, గ్రీన్ నో గో" అని చెప్పి వెళ్లారు. ఆయన నవ్వి తలూపి, కాగితం మీద టిక్కు పెట్టుకుని, కదల్లేదు. ఇంతలో శంషాబాద్‌కి క్యాబ్ వచ్చిందని ఫోన్ మోగింది.