దర్శకురాలు భానుమతి మనకు ఎందుకు గుర్తు లేరు?

భానుమతి పేరెత్తగానే మనవాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. 'మిస్సమ్మ' షూటింగ్‌కి ఆమె ఆలస్యంగా వచ్చారు, నిర్మాత చక్రపాణి క్షమాపణ అడిగారు, ఆమె చెప్పనన్నారు, ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. ఆ రోజు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఉండి ఆలస్యమైందన్న సంగతీ చాలామందికి తెలుసు. కథ చెప్పడం అయ్యాక 'ఆవిడకి ఎంత పొగరో' అని ఒక మాట అనేసి నవ్వుకుంటాం. 'మిస్సమ్మ' విడుదలైంది 1955 జనవరిలో. అప్పటికే ఆమెకు సొంత నిర్మాణ సంస్థ ఉంది, మూడు భాషల్లో ఒకేసారి సినిమా తీసిన అనుభవం ఉంది. క్షమాపణ అడిగింది అలాంటి మనిషిని అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నటిగా, గాయనిగా ఆమెను నెత్తిన పెట్టుకున్న మనం దర్శకురాలిగా, నిర్మాతగా పూర్తిగా పక్కన పెట్టేశాం. ఇది అన్యాయం అని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఆమె పుట్టింది 1925 సెప్టెంబర్ 7న, ఒంగోలు దగ్గర దొడ్డవరంలో. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్యకు సంగీతం ప్రాణం, కూతురికి పాట ఆయన దగ్గరే అబ్బింది. కాళ్లకూరి నారాయణరావు నాటకం ఆధారంగా సి. పుల్లయ్య తీసిన 'వరవిక్రయం'తో 1939లో తెరమీదకు వచ్చారు, అప్పటికి ఆమెవి ఇంకా చిన్నపిల్ల చదువుకునే ఏళ్లు. కట్నానికి అమ్ముడుపోయే పెళ్లి వద్దని ప్రాణం తీసుకునే కాళింది పాత్ర అది. 1943లో 'కృష్ణప్రేమ' సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్న పి. ఎస్. రామకృష్ణారావు పరిచయమయ్యారు, పెద్దల మాట కాదని అదే ఏడాది ఆయన్ని పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలనుకున్న సమయంలో బి. ఎన్. రెడ్డి పట్టుబట్టి 'స్వర్గసీమ'కు ఒప్పించడం, 1945లో ఆ సినిమాతో ఆమె పెద్ద స్టార్ అయిపోవడం అందరూ ఎరిగిన చరిత్రే.

మా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాత మొదలవుతుంది. స్టార్ అయ్యాక ఎవరైనా చేసేది పెద్ద కంపెనీల అగ్రిమెంట్ల మీద సంతకాలు పెట్టుకుంటూ పోవడం, ఆ రోజుల్లో మద్రాసులో స్టూడియోలదే రాజ్యం కాబట్టి అది సుఖమైన దారి కూడా. ఈ దంపతులు మాత్రం కొడుకు పేరు మీద భరణి పిక్చర్స్ పెట్టుకున్నారు, 'రత్నమాల', ఆ వెంటనే 'లైలా మజ్ను' తీశారు, తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణి స్టూడియో కూడా కట్టారు. ఏ కథ తీయాలి, ఎవరు పాడాలి, ఎన్నింటికి షూటింగ్ మొదలవ్వాలి అన్న నిర్ణయాలు ఇంకొకరి చేతిలో ఉండకూడదనుకుంటే డబ్బు రిస్క్ మనమే మోయాలి, వాళ్లు మోశారు. భరణి సినిమాల్లో ఎక్కువ భాగం రామకృష్ణారావు గారే డైరెక్ట్ చేశారు, ఆయన స్థానం తక్కువ చేయాలని మా ఉద్దేశం కాదు. కానీ 1953లో వచ్చిన 'చండీరాణి' భానుమతి సినిమా. కథ ఆమెది, డైరెక్షన్ ఆమెది, కవలలిద్దరి వేషాలూ ఆమెవే.

ఆ సినిమా తీయడం ఎంత పనో ఒక్కసారి ఆలోచించండి. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ ఒకేసారి తయారైంది, అంటే డబ్బింగ్ కాదు, ఏ భాషకు ఆ భాషలో సీన్లు తీయాలి. ద్విపాత్రాభినయం షాట్ కావాలంటే అప్పట్లో కెమెరా లెన్స్‌కు సగం అడ్డుపెట్టి ఒక పాత్ర నటన తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, మిగతా సగంలో రెండో పాత్రను తీసేవాళ్లు, కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాలూ అతకవు. ఇప్పటిలాగా మానిటర్ చూసుకునే వీలు లేదు, కెమెరా ముందు నిలబడి నటిస్తున్న మనిషే డైరెక్టర్ అయినప్పుడు షాట్ ఎలా వచ్చిందో తెలియాలంటే ల్యాబ్ నుంచి ఫిల్మ్ కడిగి వచ్చేదాకా ఆగాల్సిందే. దానికి తోడు సంగీత దర్శకుడు సి. ఆర్. సుబ్బరామన్ 1952లో కన్నుమూశారు, ఆయన వదిలి వెళ్లిన పని ఎమ్. ఎస్. విశ్వనాథన్ పూర్తిచేశారు. పాటలు ఆమె గొంతులోనే, హిందీలో తలత్ మహమూద్‌తో కలిసి పాడినదీ ఆమే. ఇన్ని నెత్తిన పెట్టుకుని సినిమా పూర్తిచేసి విడుదల చేసింది ఇరవై ఎనిమిదేళ్లు నిండని మనిషి. తెలుగులో ఆమెకు ముందు ఏ స్త్రీ దర్శకత్వం చేయలేదు.

మరుసటి ఏడాది 'చక్రపాణి' అనే సినిమాకి సంగీత దర్శకత్వం కూడా ఆమే చేశారు. 'విప్రనారాయణ'కు జాతీయ స్థాయిలో సర్టిఫికెట్ ఆఫ్ మెరిట్ వచ్చింది. బెంగాలీ రచయిత శరత్ నవల ఆధారంగా 'బాటసారి' తీశారు, మాస్ జనం ఎగబడే సరుకు కాదని తెలిసే తీసి ఉంటారు, సొంత సంస్థ ఉండటం వల్లే అలాంటి కథలకు చోటు దొరికింది. దశాబ్దాల తర్వాత, 1982లో, అన్ని పాత్రలూ పిల్లలతోనే వేయించి 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. 'అత్తగారి కథలు' రాసిన చెయ్యీ ఇదే, మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల బాధ్యతలు చూసినదీ ఈమే. 2005 డిసెంబర్ 24న పోయేనాటికి పద్మశ్రీ, పద్మభూషణ్ రెండూ ఉన్నాయి.

అలాంటి మనిషి గురించి మనకు మిగిలింది పొగరు కథలా? తన పాట తానే పాడతానంది, తన టైమ్‌కి విలువ ఇవ్వమంది, తప్పు లేనిచోట తల వంచనంది. ఇవి ఇప్పుడు ఏ హీరో అడిగినా మామూలు షరతులు. సెట్‌లో ఆడవాళ్లు ఇలా అడిగితే ఈ రోజుకీ 'ఆమెతో కష్టం' అన్న పేరు పడుతుంది, ఆ పేరు పడ్డాక అవకాశాలు తగ్గుతాయి. ఆమె దగ్గర సొంత బ్యానర్ ఉంది కాబట్టి ఎవరో ఛాన్స్ ఇవ్వలేదని ఇంట్లో కూర్చోలేదు. అందరికీ ఆ ధైర్యం కలిసిరాలేదు. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' డైరెక్ట్ చేసి ఆర్థికంగా బాగా దెబ్బతిన్నారు. విజయనిర్మల మాత్రం 1973లో 'మీనా'తో తెలుగులో మొదలుపెట్టి నలభైకి పైగా సినిమాలు తీసి 2002లో గిన్నిస్ బుక్ ఎక్కారు. అంటే ఇంత వారసత్వం మన దగ్గర ఉంది, అయినా కొత్తగా ఓ అమ్మాయి కథ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే మొదటిసారి జరుగుతున్న వింతలా చూస్తున్నాం.

తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు మళ్లీ మొదలుపెట్టడం మంచి పని. అందులో ఎన్టీఆర్, పైడి జైరాజ్, బి. ఎన్. రెడ్డి, నాగిరెడ్డి-చక్రపాణి, కాంతారావు, రఘుపతి వెంకయ్య పేర్ల మీద ప్రత్యేక పురస్కారాలున్నాయి, ఒక్కరి పేరు కూడా తీసేయమని మేం అనం. ఆ వరుసలో ఒక్క స్త్రీ పేరూ లేకపోవడం మాత్రం మాకు బాధ కలిగిస్తోంది. తొలి సినిమా తీసిన మహిళా దర్శకులకు భానుమతి పేరున ఒక పురస్కారం పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆమె పుట్టిన గడ్డ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి అక్కడి ప్రభుత్వానికీ ఇదే మాట చెబుతున్నాం.

అంతకంటే తొందరగా కావాల్సింది సినిమాలను కాపాడుకోవడం. 2024లో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ఆయన పాత సినిమాలను దేశంలోని అనేక నగరాల్లో థియేటర్లలో వేశాయి, పెద్దలూ పిల్లలూ వచ్చి చూశారు. అదే పద్ధతి భానుమతి తీసిన సినిమాలకూ కావాలి. మూడు భాషల 'చండీరాణి'కి నెగెటివ్‌లు ఎక్కడున్నాయి, ఏ ప్రింట్ ఏ స్థితిలో ఉంది, హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నది పుణెలోని ఆ జాతీయ ఆర్కైవ్, తెలుగు ఫిల్మ్ ఛాంబర్ కలిసి ఒక జాబితాగా అందరికీ కనిపించేలా పెట్టాలి. రెండు ప్రభుత్వాలూ చెరి సగం డబ్బు ఇచ్చి పునరుద్ధరణ పని ఈ ఏడాదే మొదలుపెట్టించాలి, తెలుగు ప్రింట్‌తో మొదలుపెట్టమని మా కోరిక.