సవరణ: అడిస్ అబాబా పోస్టులో గంటల లెక్క, కర్ఫ్యూ కాలం

అడిస్ అబాబాలో 1970ల నాటి జీవితం గురించి మొన్న పెట్టిన పోస్టులో "బడి రెండింటికి మొదలయ్యేది" అని ఉంది. చాలామంది అది మధ్యాహ్నం బడి అనుకున్నారు. కాదు, ఉదయం ఎనిమిదే. ఇథియోపియాలో గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. సాయంత్రం పన్నెండింటికి కలుద్దామంటే ఆరింటికి రమ్మని. భూమధ్యరేఖకు దగ్గరి ఊరు కాబట్టి ఏడాది పొడవునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకు పొడుస్తుంది, అందుకే ఆ లెక్క అక్కడ హాయిగా సాగుతుంది. ఇండియా నుంచి వెళ్లిన టీచర్లకు మాత్రం మొదట్లో టెన్షనే.

ఇంకొకటి. ఊళ్లోని పియాజా పేటలో కాఫీ హోటళ్ల రాత్రి సందడి, చీకటి పడ్డాక వీధులు ఖాళీ కావడం ఒకే పేరాలో ఉండటంతో రెండూ ఒకే కాలానివన్నట్టు కనిపిస్తోంది. ఆ సందడి చక్రవర్తి హైలే సెలాసీ కాలానిది. 1974 సెప్టెంబరులో ఆయన్ను దించి దెర్గ్ సైనిక పాలన వచ్చింది, కర్ఫ్యూ రాత్రులు ఆ పాలనవి. 1977-78లో దెర్గ్ తన వ్యతిరేకులపై సాగించిన ఎర్ర బీభత్సంలో ఎందరో యువకులను చంపేశారు. ఆ ఏళ్లను పాత రోజుల ముచ్చట్లలో కలిపేయడం బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు అన్యాయం. అందుకే పేరాను రెండుగా విడదీశాను. మెర్కాటో సంత భాగం ముందున్నట్టే ఉంది.