కాటా దగ్గర ఎదురుచూపు: పైథాన్ ‘లేజీ ఇంపోర్ట్’ ఎక్కడ వాడాలి?

దాళ్వా కోతలప్పుడు మండపేట వైపు రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు వరుస కడతాయి. అలాంటి ఒక మిల్లుకి కాటా చీటీ కొట్టే చిన్న స్క్రిప్ట్ (ప్రోగ్రాం) పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిచ్చాను. తూకం, తేమ శాతం, బస్తాల లెక్క, అంతే. అయినా గుమస్తా ఎంటర్ కొట్టిన ప్రతిసారీ తెర వంక చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. బయట హారన్లు, లోపల ఆయనకు టెన్షన్. కంప్యూటర్ పాతది కాబట్టే ఇలా అవుతోందనుకున్నాను.

ఏ మాడ్యూల్ (ప్రోగ్రాం తెచ్చుకుని వాడే కోడ్ ఫైలు) లోడ్ కావడానికి ఎంతసేపు పడుతోందో చూపించే ఆప్షన్ పైథాన్‌లో 3.7 వెర్షన్ నుంచి ఉంది. అది పెట్టి చూస్తే తప్పు నాదే. నెలాఖరు రిపోర్టుకి కావలసిన పాండాస్, గ్రాఫులకు వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్రతి చీటీకీ లోడవుతున్నాయి. మాడ్యూల్‌ను తెచ్చుకోవడానికి రాసే ఇంపోర్ట్ లైను ఉత్త ప్రకటన కాదు. పైథాన్ ఆ ఫైలును వెతికి, పైనుంచి కింది దాకా నడుపుతుంది. అది పిలిచే మిగతా మాడ్యూళ్లనూ నడుపుతుంది. ఒకసారి లోడైనది మెమరీలో ఉంటుంది నిజమే, కానీ స్క్రిప్ట్ ముగిస్తే అదీ పోతుంది. మా చీటీకి ప్రతిసారీ కొత్త రన్నే.

ఇంపోర్ట్ లైనును ఫంక్షన్ (పిలిచినప్పుడే నడిచే కోడ్ ముక్క) లోపలికి జరిపితే పని జరుగుతుంది. నేనూ అదే చేశాను. కానీ ఆరు నెలల తర్వాత ఫైలు తెరిస్తే, ఈ ప్రోగ్రాం దేని మీద ఆధారపడిందో మొదటి పేజీలో కనిపించదు.

పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదనను పెప్ అంటారు. 2022లో వచ్చిన పెప్ 690 ఒక్క స్విచ్‌తో ఇంపోర్టులన్నింటినీ వాయిదా వేద్దామంది. పైథాన్‌పై తుది నిర్ణయాలు తీసుకునే స్టీరింగ్ కౌన్సిల్ దాన్ని తిరస్కరించింది. అది సరైన నిర్ణయమే. ఒకే కోడ్ రెండు చోట్ల రెండు రకాలుగా నడిస్తే ఇతరులు వాడుకునే లైబ్రరీలు రాసేవాళ్ల గతేంటి? 2025లో ఆమోదం పొందిన పెప్ 810 వేరు. 3.15 వెర్షన్ నుంచి, మామూలుగా అయితే, ఇంపోర్ట్ ముందు ‘లేజీ’ అని రాసిన లైను మాత్రమే వాయిదా పడుతుంది. ఆ పేరును మొదటిసారి వాడినప్పుడు మాడ్యూల్ లోడవుతుంది. మిగతావన్నీ ఎప్పటిలాగే. ఏది ఆగాలో రాసినవాడే చెబుతాడు, చదివేవాడికి పైనే కనిపిస్తుంది.

అయితే లోడింగ్ వాయిదా పడితే తప్పు బయటపడటమూ వాయిదా పడుతుంది. ఇది మన డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేసినప్పుడే పూడిక తీయాలి, షట్టర్లు చూసుకోవాలి. సార్వాకి నీళ్లు వదిలాక, ఊడ్పులు మొదలయ్యాక షట్టర్ లేవదని తెలిస్తే ఏం చేస్తాం? లైబ్రరీ ఇన్‌స్టాల్ కాకపోతే మామూలు ఇంపోర్ట్ మొదటి క్షణంలోనే చెప్పేస్తుంది. లేజీ ఇంపోర్ట్ ఆ పేరు వాడిన చోట చెబుతుంది, అది నెలాఖరు రాత్రి కావచ్చు. తప్పులను పట్టుకోవడానికి రాసే ట్రై బ్లాకులో లేజీ రాయనివ్వకపోవడానికి కారణమూ ఇదే: తప్పు అక్కడ బయటపడదు కాబట్టి దాన్ని అక్కడ పట్టుకోలేం.

అందుకే వేగం ఒక్కటే చూసి ప్రతి లైనుకీ లేజీ తగిలించడం నాకు ఇష్టం లేదు. ప్రతి చీటీకీ కావలసినదాన్ని వాయిదా వేస్తే మిగిలే సమయమూ లేదు. మా మిల్లు స్క్రిప్టులో డేటాబేస్ మాడ్యూల్ మొదట్లోనే లోడవుతుంది. పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ రిపోర్టు అడిగినప్పుడే వస్తాయి. రోజూ పొద్దున్నే మొదటి ట్రాక్టర్ కాటా ఎక్కకముందు గుమస్తా ఒక ఉత్త రిపోర్టు కొట్టి చూస్తాడు.