ఆ ఒక్క సెకను అడిగి తెచ్చుకుంది మనమే

థ్యాంక్స్‌గివింగ్ వారం వచ్చిందంటే అలబామాలో ఉండే తెలుగువాళ్ల ఫోన్లలో రెండు విషయాలు తిరుగుతాయి. ఒకటి బ్లాక్ ఫ్రైడే టీవీల ధరలు, రెండోది 2013 ఐరన్ బౌల్ (అలబామా, ఆబర్న్ యూనివర్సిటీల మధ్య ఏటా జరిగే ఫుట్‌బాల్ ఆట) మీద ఓ పొడుగాటి మెసేజ్. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఏటేటా కాస్త మసాలా ఎక్కువై తిరిగొస్తుంది. అందులో ఉండేది ఇదీ: ఆ రోజు ఆబర్న్ గెలవలేదు, గెలిపించారు. టైమ్ అయిపోయాక రిఫరీలు ఒక సెకను కలిపి ఆబర్న్ చేతిలో పెట్టారు, లేకపోతే గేమ్ అలబామాదే. ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ గెలుపు పరుగు తీసేటప్పుడు మైదానం హద్దు గీత తొక్కాడు. అంతకుముందు ఆబర్న్ కొట్టిన టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరిదాకా చేర్చి పాయింట్లు కొట్టడం) కూడా రూల్స్‌కి విరుద్ధం. మన కిక్కర్ ఒక్కడు సరిగ్గా తన్ని ఉంటే ఈ గోలే ఉండేది కాదు. మొత్తానికి గుడ్డి అదృష్టం.

ముందే చెప్పేస్తున్నా, నేను టస్కలూసాలోని అలబామా యూనివర్సిటీలో చదువుకున్నవాణ్ణి, పక్కా అలబామా మనిషిని. ఆ రాత్రి భోజనం కూడా చేయలేదు. థ్యాంక్స్‌గివింగ్‌కి చేసిన బిర్యానీ మిగిలిపోయి ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నా తప్ప ముద్ద దిగలేదు. అయినా ఈ మెసేజ్ చూస్తే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే మన వైపు నుంచి ఇలాంటివి వెళ్తే ఆబర్న్ వాళ్లకి ఇంకో పండగ.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదని, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే అమెరికన్ ఆట అని కొత్తగా వచ్చిన పిల్లలకి చెప్పాలి. ఇక ఈ వైరం సంగతి. అలబామా రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీమ్ లేదు, అందుకే జనం ప్రాణమంతా ఈ రెండు యూనివర్సిటీల మీదే. 1907లో ఆడాక గొడవపడి 1948 దాకా, అంటే 41 ఏళ్లు మళ్లీ ఆడలేదు. తర్వాత ఇనుము, ఉక్కు పరిశ్రమల ఊరైన బర్మింగ్‌హామ్‌లో ఆడటం మొదలుపెట్టారు, ఐరన్ బౌల్ అన్న పేరు అలా వచ్చింది. ఇక్కడ ఇల్లు కొనడానికి వెళ్లినా, పంటి డాక్టర్ దగ్గర నోరు తెరిచి కూర్చున్నా ముందు అడిగేది మీరు ఏ వైపు అనే. పెళ్లి సంబంధాల్లో మనవాళ్లు గోత్రం అడిగినట్టు.

2013 నవంబర్ 30న ఆబర్న్‌లోని జోర్డాన్-హేర్ స్టేడియంలో ఆట. అలబామా ఒకటో ర్యాంకు, వరసగా రెండేళ్లు జాతీయ ఛాంపియన్, ఆ సీజన్‌లో ఓటమి లేదు. ఆబర్న్ నాలుగో ర్యాంకు. ముందటేడు ఇదే ఆబర్న్‌ని 49-0తో చితక్కొట్టాం. ఇప్పుడు ఆఖరి నిమిషానికి స్కోరు 28-28.

మొదట ఆ సెకను సంగతి తేల్చేద్దాం. ఆఖరి క్షణాల్లో మన టి.జె. యెల్డన్ బంతి పట్టుకుని 24 యార్డులు పరిగెత్తి ఆబర్న్ వైపు 38 యార్డుల గీత దగ్గర మైదానం బయటికి వెళ్లాడు. గడియారం సున్నా చూపించింది. అక్కడితో ఆగి ఉంటే ఓవర్‌టైమ్. అప్పుడు ఒక్క సెకను మిగలాలి అని రిఫరీల వెంట పడింది ఎవరు? మన కోచ్ నిక్ సేబన్. రీప్లే చూశారు, యెల్డన్ కాలు బయటపడే సమయానికి ఒక సెకను ఉందని తేల్చారు, గడియారంలో వేశారు. అంటే ఆ సెకను కలిసింది అలబామా కోసం, అలబామా అడిగితే, బంతి అలబామా చేతిలో ఉండగా. దాన్ని ఆబర్న్‌కి ఇచ్చిన కానుక అనడానికి ఎంత ధైర్యం కావాలో నాకైతే అర్థం కాదు. పైగా ఆ సెకను లేకపోతే "గేమ్ అలబామాదే" ఎలా అవుతుంది? 28-28 అంటే సమానం, ఓవర్‌టైమ్‌లో ఎవరైనా గెలవొచ్చు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకో అనుమానం ఉంది. 2019లో, మళ్లీ అదే మైదానంలో, మళ్లీ నవంబర్ 30నే, మొదటి సగం ఆఖర్లో గడియారంలో ఒక సెకను తిరిగి వేశారు. అది నిజంగానే ఆబర్న్‌కి పనికొచ్చింది, ఆ సెకనులో వాళ్లు 52 యార్డుల ఫీల్డ్ గోల్ (బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టారు, మూడు పాయింట్లు. ఆట చివరికి 48-45తో పోయింది, సరిగ్గా ఆ మూడే తేడా. అప్పుడు సేబన్ మండిపడ్డాడు కూడా. ఫిర్యాదు చేయాలంటే దాని మీద చేసుకోండి, వాదించడానికి కనీసం చోటుంది. మెసేజ్ రాసిన మహానుభావుడు రెండు సెకన్లనూ ఒకే గిన్నెలో వేసి కలిపేశాడు.

సరే, సెకను వచ్చింది. ఇప్పుడేం చేయాలి? బంతిని దూరంగా ఎండ్ జోన్‌లోకి (మైదానం చివర టచ్‌డౌన్ కొట్టే చోటు) విసిరి దేవుడి మీద భారం వేయొచ్చు, లేదా నెమ్మదిగా ఓవర్‌టైమ్‌కి పోవచ్చు, లేదా 57 యార్డుల నుంచి ఫీల్డ్ గోల్ తన్నొచ్చు. సేబన్ మూడోది ఎంచుకున్నాడు. బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోతే మూడు పాయింట్లు, గెలుపు. కానీ ఆ స్తంభాలకి అందకుండా పడితే అవతలివాడు దాన్ని పట్టుకుని పరిగెత్తొచ్చు, అది ఎప్పటినుంచో ఉన్న రూలే. ఫీల్డ్ గోల్ కోసం నిలబెట్టే మనుషులెవరు? కిక్కర్‌కి అడ్డుగోడలా ఉండాల్సిన, ఒక్కొక్కరు 130 కిలోల పైమాట ఉండే లైన్‌మెన్. గోడ నిలబడుతుంది గానీ గోడ పరిగెత్తదు కదా! చిరుతలా వచ్చేవాణ్ణి వెంటాడి పట్టుకోవడానికి ఆ మనుషులు పనికిరారు.

ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్‌కి అది తెలుసు. కిక్కర్‌కి టెన్షన్ పెంచడానికి టైమ్‌ఔట్ తీసుకున్నాడు, ఆ సందులో వెనక నిలబడ్డ ఆటగాణ్ణి మార్చి క్రిస్ డేవిస్‌ని పెట్టాడు. డేవిస్ ఆ టీమ్‌లో పంట్లు (అవతలివాళ్లు దూరంగా తన్ని పంపే బంతులు) పట్టుకుని పరిగెత్తే మనిషి, అదే నెలలో టెన్నెసీ మీద అలా ఒక టచ్‌డౌన్ కూడా కొట్టాడు. 2016 టీ20 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ మీద ఆఖరి బంతికి ముందు ధోనీ కుడిచేతి గ్లవ్ తీసేసి నిలబడ్డాడు గుర్తుందా? బ్యాట్స్‌మన్ బంతిని మిస్సవడం ధోనీ చేతుల్లో లేదు. మిస్సయితే ఏం చేయాలో మాత్రం ముందే ఆలోచించి పెట్టుకున్నాడు, పరిగెత్తి వచ్చి రనౌట్ చేశాడు, ఒక్క పరుగుతో గెలిచాం. దాన్ని ఎవరైనా గుడ్డి అదృష్టం అంటే మనం ఊరుకుంటామా? డేవిస్ కథా అంతే. బంతి పొట్టిగా పడింది, ఎండ్ జోన్ లోపల చివరికంటా నిలబడి పట్టుకున్నాడు, ఎడమవైపు గీత వెంబడి 109 యార్డులు పరిగెత్తాడు (రికార్డుల్లో మాత్రం 100 అనే ఉంటుంది, మైదానం పొడవు దాటి లెక్కవేయరు). 34-28. జనం మైదానంలోకి దూకారు. రేడియోలో ఆబర్న్ వ్యాఖ్యాత రాడ్ బ్రాంబ్లెట్ పెట్టిన కేకలు ఇప్పటికీ ఆ ఊళ్లో కొందరికి కంఠతా వచ్చు.

గీత తొక్కాడన్న మాట ఎక్కువసేపు నిలవదు. దగ్గరగా వెళ్లాడు, నిజమే. రీప్లే ఆపి చూస్తే బూటుకీ తెల్లగీతకీ మధ్య పచ్చగా కనిపిస్తుంది, సన్నంగానైనా సరే. మసక స్క్రీన్‌షాట్‌లో ఎర్ర గుండ్రం గీసి పంపినంత మాత్రాన కాలు పక్కకి జరగదు.

ఇక ఆ టచ్‌డౌన్ రూల్స్‌కి విరుద్ధమన్న మాట, అంటే లైన్‌మెన్ విషయం. మెసేజ్ మొత్తంలో కాస్త పస ఉన్నది ఇదొక్కటే, అది ఒప్పుకోవాలి. 32 సెకన్లు మిగిలి ఉండగా 28-28 చేసిన ఆ టచ్‌డౌన్ ఎలా వచ్చిందంటే, ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) నిక్ మార్షల్ తానే బంతితో పరిగెత్తుతున్నట్టు పక్కకి కదిలాడు, మనవాళ్లు ఆపడానికి ముందుకొచ్చారు, ఆఖరి క్షణంలో వెనక ఒంటరిగా మిగిలిన సామీ కోట్స్‌కి విసిరేశాడు, 39 యార్డుల టచ్‌డౌన్. పరుగు అన్నట్టు నటించి పాస్ వేసేటప్పుడు లైన్‌మెన్ కూడా పరుగు కోసమే అన్నట్టు ముందుకు తోసుకెళ్తారు. కాలేజీ రూల్ ప్రకారం బంతి చెయ్యి వదిలేలోపు వాళ్లు మూడు యార్డులకి మించి వెళ్లకూడదు. నేను ఎన్నోసార్లు చూశా, నాకూ ఒకరు దాటేశారనే అనిపిస్తుంది. 2015లో ఆ మూడు యార్డులని ఒకటికి తగ్గించాలని ప్రతిపాదన కూడా వచ్చింది, ముందుకి సాగలేదు. కాబట్టి అది రెప్పపాటులో కంటితో తేల్చాల్సిన కష్టమైన విషయమని అందరికీ తెలుసు. అయితే రిఫరీ అది తప్పని జెండా ఎగరేసి ఉంటే ఏమయ్యేది? ఐదు యార్డుల పెనాల్టీ, టచ్‌డౌన్ రద్దు, బంతి మళ్లీ ఆబర్న్ చేతికే, మళ్లీ ప్రయత్నం. అరనిమిషం ఉంది, వాళ్ల ట్రే మేసన్ అప్పటికే మన డిఫెన్స్‌ని దున్నేస్తున్నాడు, ఆ రోజు మొత్తం 164 యార్డులు పరిగెత్తాడు. ఆగేవాళ్లేమో, ఆగేవాళ్లు కాదేమో. ఒక రిఫరీ జెండా వేయకపోవడం నుంచి "గెలిపించారు" అన్న మాట దాకా వెళ్లాలంటే దూరం చాలా ఉంది, డేవిస్ పరుగు కంటే ఎక్కువ.

నాకు అసలు కోపం తెప్పించేది కిక్కర్ మీద మాట. ముందుగా, "మన కిక్కర్ ఒక్కడు" అని రాసినవాడికి ఆ రోజు కిక్కర్లు ఇద్దరని కూడా తెలియదు. కేడ్ ఫాస్టర్ మూడు ప్రయత్నాలు చేశాడు, రెండు తప్పాయి, ఒకటి ఆబర్న్ వాళ్లు చేతులతో అడ్డుకున్నారు. తప్పిన రెండింట్లో ఒకటి ఎలా తప్పిందో కూడా చెప్పాలి: దగ్గర నుంచి తన్నింది లోపలికే పోయింది, మనవాళ్లలో ఒకరు ముందే కదలడంతో పెనాల్టీ పడి అది చెల్లలేదు, ఐదు యార్డులు వెనక్కి జరిగి మళ్లీ తన్నితే పోయింది. ఆఖరి 57 యార్డులది ఫాస్టర్ తన్నలేదు, ఆడం గ్రిఫిత్ అనే కుర్రాడు తన్నాడు.

మరి మిగతావాళ్ల సంగతి? 21-7తో ముందుండి ఆ ఆధిక్యాన్ని పోగొట్టుకుంది కిక్కర్లా? మన ఎ.జె. మెకారన్ అమారి కూపర్‌కి విసిరిన 99 యార్డుల టచ్‌డౌన్‌తో 28-21 అయ్యాక, నాలుగో క్వార్టర్‌లో ఆబర్న్ 13 యార్డుల గీత దగ్గర నాలుగో డౌన్‌కి (పది యార్డులు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది) ఒక్క యార్డు కావాల్సి వచ్చింది. అక్కడ ఫీల్డ్ గోల్ పడితే పది పాయింట్ల తేడా వచ్చేది. సేబన్ కిక్కర్‌ని నమ్మలేదు, యెల్డన్‌కి బంతి ఇచ్చారు, ఆ ఒక్క యార్డు రాలేదు. ఒక్క యార్డు! ఎవరూ దాని మీద మెసేజ్ రాయరు, ఎందుకంటే అందులో తిట్టడానికి ఒంటరి మనిషి దొరకడు.

ఆ రాత్రి ఫాస్టర్‌కి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కాలేజీ పిల్లాడు. ఆ సమయంలో అతనికి ఒక చేతిరాత ఉత్తరం వచ్చింది, మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ నుంచి. ఫాస్టర్ జెర్సీ నంబరు 43, బుష్ 43వ అధ్యక్షుడు. జీవితంలో ఎదురుదెబ్బలు తగులుతాయి, నాకు తెలుసు అని రాసి, కింద ఇంకో 43 అని సంతకం పెట్టాడు. రాజకీయాలు పక్కన పెడితే, ఆ వారం అలబామా వైపు నుంచి జరిగిన అన్నింట్లోకీ నాకు నచ్చింది టెక్సస్ నుంచి వచ్చిన ఆ కాగితమే. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే పిల్లాడి మీద రాళ్లు వేస్తున్న మెసేజ్‌ని మనవాళ్లు నవ్వు బొమ్మలు పెట్టి పంపుకుంటున్నారు.

అదృష్టం గురించి ఒక్క మాట. ఆ ఏడు ఆబర్న్‌కి అదృష్టం లేదని నేను అనను. రెండు వారాల ముందు జార్జియాతో ఆటలో నాలుగో డౌన్‌కి 18 యార్డులు కావాలి, గాల్లోకి విసిరిన బంతి ఇద్దరు జార్జియా ఆటగాళ్ల చేతులు తగిలి ఎగిరి రికార్డో లూయిస్ ఒళ్లో పడింది, 73 యార్డుల టచ్‌డౌన్, గెలుపు. దాన్ని అదృష్టం అనండి, నేనూ చెయ్యెత్తుతా. కానీ 2023లో మనం ఏం చేశాం? అదే ఆబర్న్ మైదానం, నాలుగో డౌన్, 31 యార్డులు కావాలి, జేలెన్ మిల్‌రో ఎండ్ జోన్ మూలకి విసిరాడు, ఐజయా బాండ్ పట్టాడు, 27-24. గడియారంలో మిగిలింది 32 సెకన్లు, కోట్స్ టచ్‌డౌన్ అప్పుడు ఎంతో అంతే! ఆ రాత్రి ఈ మెసేజ్ పంపే పెద్దమనుషులే "దటీజ్ బామా" అని రాశారు. వాళ్లు కొడితే అదృష్టం, మనం కొడితే దమ్ము. ఈ తూకంరాయి ఏ కొట్లోది బాబూ?

మా తోడల్లుడు ఆబర్న్‌లో చదివాడు. నాకంటే చిన్నవాడు, చాలా మర్యాదస్తుడు, ఏడాదంతా నన్ను పల్లెత్తు మాట అనడు. ఏటా నవంబర్ 30న మాత్రం ఫోన్ చేసి "అన్నయ్యా, ఒక్క సెకను టైముందా?" అంటాడు. పనిలో ఉన్నాను అన్నా పెట్టేయడు. ఈసారి ఆ మెసేజ్ ఎవరో తనకీ పంపారట. చదివి చదివి నవ్వుకుని, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటాను, గృహప్రవేశానికి తప్పకుండా రండి అన్నాడు.