సర్కారు తుమ్మ గారికి

మహారాజశ్రీ సర్కారు తుమ్మ గారి సముఖమునకు,

నిన్న మిట్టమధ్యాహ్నం మా చెరువుకట్ట మీద తమరు నా బండి రెండు టైర్లలోకీ దయచేశారు. దేవరకొండ రోడ్డెక్కేదాకా తోసుకుంటూ పోయాను. పంచరు సంగతి వదిలేయండి. చెప్పు దాటి మడమలో దిగిన ముల్లునీ వదిలేయండి, మా ఆవిడ పిన్నీసుతో తీసేసింది. నా బాధంతా తమరి పేరుతోనే.

మా నల్లతుమ్మ పేరులో ఏ హోదా లేదు. నాగలికి కర్రిచ్చింది, బంకిచ్చింది, పళ్లు తోముకోను పుల్లిచ్చింది. తమరి పుట్టిల్లేమో మెక్సికో, పెరూల వైపు. 1870లలో తెల్లదొరలు వంటచెరకు కోసమని గింజలు తెప్పించి కడప వైపు నాటించారు. తమిళులు ‘సీమై కరువేలం’ అని, హిందీవాళ్లు ‘విలాయతీ బబూల్’ అని తమర్ని పరాయివాళ్లలోనే ఉంచారు. గుజరాతీలైతే ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ, అనేశారు. మేం మాత్రం ఏకంగా సర్కారు నౌకరీ ఇచ్చేశాం!

నౌకరీకి తగ్గట్టే ఉంది తమరి వరస. కూర్చున్న చోటు నుంచి లేవరు. మొదలుకంటా నరికినా మళ్లీ చిగురిస్తారు. మేకలు కాయలు తిని తమరి గింజల్ని ఊరంతా పంచిపెడతాయి. 2022లో శాస్త్రజ్ఞులు తమరి శాస్త్రీయ నామంలో ప్రోసోపిస్ తీసేసి నెల్టుమా అని ఇంటిపేరు మార్చారు. బదిలీ అయిందేమోనని సంబరపడ్డాం. ఎక్కడ!

కంప కొట్టించండని తిరిగితే ఒక ఆఫీసులో కట్ట మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో శిఖం, అంటే చెరువు లోపలి భూమి, మాది కాదన్నారు. మరో చోట, ‘అసలది చెట్టే కాదు సార్, కంప’ అని నవ్వారు. పేరు నిండా సర్కారే, సర్కారులో ఒక్కరికీ నువ్వు అక్కర్లేదు! మరి ఎవరి అండ చూసుకుని నా బాటకు అడ్డం పడుతున్నావు? మిషన్ కాకతీయలో పూడికతో పాటు నిన్నూ పెకిలించారు. నాలుగు వానలు పడ్డాయో లేదో, మళ్లీ డ్యూటీలో చేరావు. సిగ్గు లేదా?

కరువు ఏళ్లలో పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పొయ్యి ఆరనివ్వలేదు నువ్వు. నీ బొగ్గు మీద బతికిన ఇండ్లున్నాయి. కాదనను. బీడు భూమిలో ఎంతైనా పెరుగు, అడిగేవాడు లేడు. కట్ట మీద నీకేం పని? చేన్లకు పోయే బాటలో నీకేం పని?

ఆదివారం జేసీబీ వస్తోంది. కిరాయి ఊరోళ్లమే తలా ఇంత వేసుకుంటున్నాం, సర్కారు కాదు.

ఇట్లు,
కట్ట కింది రైతు