గాజు పెట్టె పక్కన నిలబడ్డ చీటీ గారికి

మహారాజశ్రీ మ్యూజియం చీటీ గారి సముఖానికి,

ధర్మవరం నుంచి ఒక నేతగాడి కూతురు రాసుకునే విన్నపాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఏసీ గదిలో, చిన్న దీపం కింద తమరూ క్షేమమే అయివుంటారు. ఆ దీపం చీర మీదకన్నా తమరి మీదే ఎక్కువ పడుతోంది. ఉభయకుశలోపరి.

పోయిన వేసవిలో మా నాన్నను వెంటబెట్టుకుని తమరి దర్శనానికి వచ్చాను. అరచేయంత అట్టముక్క తమరు. "చీర. పట్టు, జరీ. పైస్లీ అంచు. ధర్మవరం. ఇరవయ్యో శతాబ్దం. నేసినవారు: అజ్ఞాతం." ఆ కింద, కాస్త లావు అక్షరాల్లో, చీరను దానమిచ్చిన కుటుంబం పేరు.

నాన్న తమరిని చదవలేదు. గాజుకు ముక్కు ఆనించి అంచు చూశాడు. నిమిషం కూడా పట్టలేదు. "అంచుకు పోగు తీసుకెళ్లే నాడె వేరేగా నడిచింది. ఇది ఒక్కడి పని కాదమ్మా, పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి" అన్నాడు. మా మగ్గం దగ్గర ఆ ఇంకో మనిషి మా అమ్మ. బడి లేని రోజుల్లో నేను. అంటే తమరు మింగేసింది ఒక పేరు కాదు, రెండు.

తర్వాత నేను చీటీ చదివి వినిపిస్తే "పైస్లీ అంటే ఏమిటి?" అని అడిగాడు. స్కాట్లాండులో ఒక ఊరని చెప్పాను. పందొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువాలకు నకళ్లు నేసి అమ్ముకున్న ఊరు. వ్యాపారం ఎంత బాగా సాగిందంటే, నకలు నేసిన ఊరి పేరే అసలు బొమ్మకు అతుక్కుపోయింది. నాన్న మళ్లీ ఒకసారి అంచు వైపు చూసి, "మామిడి పిందె కదా ఇది" అన్నాడు. అంతే. వాదనకు దిగలేదు. చెట్టు కింద నిలబడి పిందెను పిందె అనడానికి వాదనెందుకు?

పరాయి పేర్లంటే మాకు గిట్టదనుకునేరు. మా మగ్గం నెత్తిన కూర్చుని, చిల్లుల అట్టలతో బొమ్మలు నేయించే యంత్రం పేరు జకార్డు. లియాన్ నగరపు జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో దాన్ని తయారుచేశాడు. ఆయన పోయింది 1834లో. ధర్మవరంలో ఇప్పటికీ తాడు తెగితే ఆయన పేరే, అట్ట చిక్కుకుంటే ఆయన పేరే. (ఆ సమయంలో పేరుకు ముందూ వెనకా చేర్చే మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.) ఆయన్ని మేము ఏనాడూ 'అజ్ఞాత ఫ్రెంచి హస్తకళాకారుడు' అనలేదు.

ఇంతకీ తమరి అజ్ఞాతం గారు మహా దీర్ఘాయుష్మంతుడు. అమరావతి స్తూపానికి పలకలు చెక్కింది ఆయనే, లేపాక్షి కప్పు మీద బొమ్మలు వేసింది ఆయనే, మొన్న మొన్న మా చీర నేసిందీ ఆయనే. రెండు వేల ఏళ్ల చాకిరీలో ఒక్క రోజు సెలవు అడిగిన పాపాన పోలేదు. అమరావతి సంగతి మరీ విడ్డూరం. 1845లో అక్కడ తవ్వించిన వాల్టర్ ఎలియట్ దొర పేరు మీద ఆ పలకలను 'ఎలియట్ మార్బుల్స్' అన్నారు. అవి పాలరాళ్లూ కావు, ఉత్త సున్నపురాళ్లు. ఎలియట్‌వి అసలే కావు.

"మీ శిల్పులు అహంకారం విడిచినవాళ్లు, పేరు పెట్టుకోరు" అని తమరి పెద్దలు కమ్మగా సెలవిస్తుంటారు. మైసూరు దగ్గర సోమనాథపురంలో 13వ శతాబ్దపు శిల్పి మల్లితమ్మ తన పేరు ఒకటికి పదిసార్లు రాతి మీద చెక్కుకున్నాడు. ఆయన అహంకారాన్ని ఏ గదిలో పెడతారు? మావాళ్లనూ వెనకేసుకు రాను. లేపాక్షి అనగానే మేమూ కట్టించిన విరూపణ్ణ కథే చెబుతాం. ఆ కప్పు మీద అడవిపందిని పరిగెత్తించిన చెయ్యి ఎవరిదని ఎవరం అడిగాం? దాత పేరు లావుగా రాసే జబ్బు తమరొక్కరిదే కాదు.

ఆ కప్పు మీది ఆడవాళ్ల చీరల అంచులనూ, లతామండపం స్తంభాల మీది తీగలనూ మా ఊరివాళ్లు చూసి వచ్చి, గళ్ల కాగితం మీద ఎత్తి గీసుకుని, అట్టలకు చిల్లులు కొట్టి చీరలోకి దింపారు. ఇది తమరి భాషలో 'సంప్రదాయం'. ఇటలీవాళ్లు గ్రీకు బొమ్మలు చూసి చెక్కుకుంటే మాత్రం 'పునరుజ్జీవనం'.

ఈ పంపకం కొత్తది కాదు. జార్జ్ బర్డ్‌వుడ్ అనే పెద్దమనిషి 1880లో భారతదేశపు పారిశ్రామిక కళల మీద ఏకంగా పుస్తకం రాశాడు. చెంబును మెచ్చాడు, చీరను మెచ్చాడు. లలితకళ మాత్రం ఈ దేశంలో లేదన్నాడు. 1910లో లండన్ సభలో జావా బుద్ధ విగ్రహం ఫొటో చూసి, కొవ్వు వేసి ఉడికించిన పిండిముద్ద కూడా ఆ ప్రశాంతతకు అంతే సరిపోతుందన్నాడు. బుద్ధుణ్ణి చూస్తే ఎవరికైనా భక్తి కలగాలి, లేదా కలగకపోవాలి. ఆకలి వేయడం ఆయనకే చెల్లింది. ఆయన గీసిన గీత తమరి భవనంలో ఇంకా చెరగలేదు. నూనెరంగుల పటాలు పై అంతస్తులో 'కళ' గదిలో ఉన్నాయి. మా తోలుబొమ్మలు కింద, 'హస్తకళ' గదిలో, మెట్ల పక్కన. మా నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన కబురు ఆ మెట్లు దిగినట్టు లేదు.

పేర్ల విషయంలో మాకు ఓపిక ఎక్కువే లెండి. 1800లో నిజాం మా సీమను కంపెనీకి అప్పగిస్తే 'దత్త మండలాలు' అనిపించుకున్నాం. 1928లో నంద్యాల సభలో, అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పే చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అనేదాకా అదే పేరుతో బతికాం. 128 ఏళ్లు. చీటీ మార్చడానికి అంత పట్టదు. తమరు 'అజ్ఞాతం' కొట్టేసి 'మేము అడగలేదు' అని రాసుకోండి. అదే అట్టముక్కలో పడుతుంది. మామిడి పిందెకు చోటు చాలకపోతే దాత గారి అక్షరాలు కాస్త సన్నం చేయండి.

ఇట్లు,
ధర్మవరం నేతగాడి కూతురు

తా.క.: రాయవద్దనుకున్నాను, కానీ నాన్న ఊరుకోవడం లేదు. చీరను తిరగేసి పెట్టారట. జరీ పోగులు తేలి కనబడుతున్న వైపు లోపలికి ఉండాలి. గాజు తెరిచినప్పుడు సరిచేయండి.